ఇసుక రాలిన శుక్రవారం

రోహిణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? రాయదుర్గం ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం సరదాకి రాసుకున్న ప్రోగ్రాములు చూపించుకోవడం ఆనవాయితీ. వారమంతా భోజనం మానుకుని ఆమె రాసుకున్న ఇసుక ఆటను టీమ్ లీడ్ ఉదయ్ భాస్కర్ పెద్ద తెర మీద పెట్టి, "నా చిన్న ప్రయత్నమండి" అంటున్నాడు. సిగ్గులేని మనిషి!

ఇవాళ మెప్పించినవాళ్ళని గ్రాఫిక్స్ టీములోకి తీసుకుంటానని మేనేజర్ వాసంతి ముందే చెప్పింది. ఊళ్ళోవాళ్ళ కోడ్‌లో తప్పులు వెతికి వెతికి విసిగిపోయిన రోహిణికి టెస్టింగ్ నుంచి బయటపడే దారి ఇదొక్కటే. "ఒకసారి చూసిస్తానమ్మా" అని పొద్దున ఆయన అడిగితే, నమ్మి ఇచ్చింది.

ఆట చాలా మామూలుది. మౌస్ నొక్కితే ఇసుక రాలుతుంది. తెరంతా చిన్న చిన్న గడులు; కింద గడి ఖాళీగా ఉంటే ఇసుక రవ్వ ఒక గడి దిగుతుంది, లేకపోతే పక్కకు జారుతుంది. కుడి బటన్ నొక్కి గీస్తే రాతిగోడ వస్తుంది, ఇసుక దాని మీద ఆగుతుంది.

ఉదయ్ భాస్కర్ మౌస్ నొక్కాడు. రాలడం లేదు, జారడం లేదు. నొక్కీ నొక్కగానే ఇసుకంతా అడుగున కుప్పై కూర్చుంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అదీ... రాసింది రోహిణి అండి," అన్నాడాయన చటుక్కున. "నేను పైపైన చూశానంతే."

ఓరి నాయనోయ్! బాగుంటే ఆయనది, చెడితే ఈమెదా? రోహిణి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"లూపు, గదే వరుసలు చూసే క్రమం, తిప్పిండ్రా సార్?"

"వరుసలు పైనుంచి కిందికి చూస్తే నీట్‌గా ఉంటుందనీ..."

"ఏంది నీటు! కిందికెల్లి మీదికి చూసుకుంట పోవాలె. మీదికెల్లి మొదలువెడితే, ఇప్పుడే దిగిన రవ్వ కింది వరుసల మళ్ల దొరుకుతది, లూపు దాన్ని మళ్ల దించుతది. గట్ల ఒక్క దెబ్బకే అడుగుకు పోతది. ముట్టకుండ్రని పొద్దుగాల్నే చెప్పిన గద! జర జరుగుండ్రి."

ఆయన్ని పక్కకు నెట్టినంత పనిచేసి ఆ ఒక్క లైను మార్చింది. ఈసారి ఇసుక రవ్వ రవ్వగా, తీరిగ్గా రాలింది. గదంతా చప్పట్లు. ఉదయ్ భాస్కర్ కాలరు సర్దుకున్నాడు.

"మా టీమ్ కష్టమండీ!"

"బాగుందండీ," అంది వాసంతి. "కింద లాబీ తెర మీద ఇదే పెట్టిద్దాం. ఉదయ్ గారూ, మీ టీమ్ పేరు వేయించండి."

రోహిణికి ఒళ్ళు భగ్గున మండింది. మౌస్ ఇంకా తన చేతిలోనే ఉంది. కుడి బటన్ నొక్కిపట్టి, తెర నడుమ రాతిగోడతో మూడక్షరాలు గీసింది. పైనుంచి ఇసుక వదిలింది. ఇసుక వచ్చి 'రోహిణి' మీద పేరుకుంది.

"గీ పేరు ఏయించుండ్రి మేడం," అంది.

ఉదయ్ భాస్కర్ మౌస్ లాక్కుని తుడిచే బటన్ కోసం తెరంతా వెతికాడు. ఆమె అసలది పెట్టనే లేదు.