తిడితేనే చేపే ఆవు

అమ్మ పోయిన మర్నాడు పొద్దున మా ఎర్రావు చేపలేదు. పొదుగు రాయిలా బిగిసి ఉంది గానీ చుక్క పాలు విడవదు. దూడను వదిలి చూశాను, గంగడోలు నిమిరాను, "మా బంగారు తల్లివి కదూ" అని బతిమాలాను. కాలు విసిరి బకెట్టును గోడ దాకా దొర్లించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయిన ఇంట్లో దీని వేషాలొకటి.

"బతిమాలితే ఇవ్వదమ్మా," అన్నాడు నాన్న వెనక నుంచి. "మీ అమ్మ తిడుతూ పితికేది. ఆ తిట్లు చెవిన పడితే గానీ దానికి పాలు దిగవు."

తిడదామంటే నాకు నోరు పెగల్లేదు. నాన్న సరేసరి, ఈగను కూడా అదిలించి ఎరగడు. అయినా బకెట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

"నీ మొహం మండ," అన్నాడు మెల్లగా. "తిండికి ముందు, పనికి వెనక. చెప్తే వినవు, చెప్పకపోతే తెలీదు. నీకు చాకిరీ చెయ్యలేక నా నడుం పడిపోతోంది."

ఎక్కడా తడుముకోలేదు. అవన్నీ కాపురమంతా ఆయన తిన్న తిట్లే.

ఆవు చెవులు ఇటు తిప్పింది. బకెట్టులో పాలు చుయ్యిమన్నాయి.

పితకడం అయ్యాక అమ్మ దాని డొక్కకు తల ఆనించి, "నీ చలవతోనే ఇంత తింటున్నాం తల్లీ" అనేది. నాన్న కూడా తల ఆనించాడు. "నీ చలవతోనే" అన్నాడు. తల ఎత్తలేదు.

నేను బకెట్టు అందుకుని ఇంట్లోకి వచ్చేశాను. కాసేపటికి పాకలోంచి మళ్ళీ వినిపించింది.

"నీ మొహం మండ."