నలభై గ్రాములు

కాటా సారు ముక్కులో రెండు పక్కలా మందు కొట్టుకుని, ఎగపీల్చి, సీసాకు మూత పెట్టబోయి ఆగాడు. చేతికి బరువుగా తగిలింది. నెలకని ఇచ్చిన మందు. ఇవాళ్టికి ఇరవై ఏడో రోజు. తెల్ల సీసా, లోపల ఎంతుందో కనపడదు. టేబుల్ మీది చిన్న తక్కెడలో ఒక పళ్లెంలో సీసా, రెండో దాంట్లో తూకపు రాళ్లు పెట్టాడు. ముల్లు నిటారుగా నిలబడింది. నలభై గ్రాములు. కొన్ననాడు తూచినప్పుడూ నలభయ్యే.

అతను తన నీడను కూడా నమ్మని మనిషి. ముందు తక్కెడను అనుమానించి పళ్లాలు మార్చి చూశాడు. తర్వాత మందులషాపు వాణ్ణి అనుమానించాడు. చివరికి వంటింట్లో గిన్నెల చప్పుడు వైపు చూశాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ మందంటే భార్యకు మొదట్నుంచీ పడదు. సీసాను తక్కెడలోనే వదిలేసి, ఏమీ అడక్కుండా డ్యూటీకి బయల్దేరాడు.

ఇరవై ఆరేళ్లుగా బజార్లో తూకాలు తనిఖీ చెయ్యడం అతని పని. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే ఒళ్లు. ముక్కులో కొట్టుకుంటే ఆకలి చస్తుందని డాక్టరు ఈ మందు రాసిచ్చాడు. ఆకలి చచ్చింది. నెల తిరక్కుండా తొమ్మిది కిలోలు పోయాయి.

"సారూ, సగమైపోయారు! ఆ మందేదో మాకూ చెప్పండి," అన్నాడు కూరగాయల షాపతను.

పొగిడాడంటే ఎక్కడో ఏదో ఉందని కాటా సారు అతని తక్కెడ పళ్లెం కింద తడిమాడు. అయస్కాంతం దొరికింది.

"అదెలా వచ్చిందో సారూ!"

"నడిచొచ్చుంటుంది," అంటూ జరిమానా రసీదు పుస్తకం తీశాడు.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే భార్యను అడిగాడు. "సీసాలో ఏం పోస్తున్నావు?"

ఆమె పొద్దుట్నుంచీ తక్కెడలో సీసాను చూస్తూనే ఉంది. "ఉప్పునీళ్లండీ. ముక్కులోంచి నేరుగా మెదడుకెక్కుతుందని ఎవరో అంటే భయమేసి, మొదటి రోజే మందు పారబోశాను. నిలవ నీళ్లయితే మీకు జలుబు చేస్తుందని రోజూ కొత్తవి కాచి పోస్తున్నాను."

దొంగ దొరికినందుకు అతనికి లోలోపల సంతోషమే కలిగింది. కోప్పడదామని నోరు తెరిచాడు.

"అయినా తగ్గారుగా!" ఆమె ధైర్యం తెచ్చుకుని నవ్వింది. "ఉప్పునీళ్లకే తొమ్మిది కిలోలు!"

అతని చెయ్యి బెల్టు మీదికి వెళ్లి, మేకుతో కొత్తగా పొడిచిన మూడో చిల్లు దగ్గర ఆగింది.

"ఉప్పునీళ్లకు ఎవరూ తగ్గరే," అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి భయమేసింది. ఆ పూట అతను కంచం ముందు కూర్చుని, ఆకలేస్తుందేమోనని చాలాసేపు ఎదురుచూశాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లారు. లోపల జబ్బు బాగా ముదిరిందన్నారు. ఆమె అతని మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే, "నువ్వు మందు పారబొయ్యకపోతే ఇప్పటికీ సంబరపడుతూనే ఉండేవాణ్ణి," అన్నాడు. ఆసుపత్రిలో చేరిన ఏడో వారంలో, ఒక మధ్యాహ్నం, ఆమె మంచినీళ్లు పట్టుకొచ్చేలోపు పోయాడు.

ఇంట్లో టేబుల్ మీద తక్కెడను ఎవరూ కదపలేదు. మూత పెట్టక నీళ్లు ఆరిపోతున్న సీసా ఒక పళ్లెంలో, రాళ్లు రెండో దాంట్లో అలాగే ఉన్నాయి. ముల్లు మాత్రం రాళ్ల వైపు కొద్దిగా ఒరిగింది.