రీకాల్సిట్రెంట్‌కు ఒక్క నిమిషం

నిమిషానికొక మాట. గంట కొట్టగానే తర్వాతి మాట. ఇంగ్లీషు మాట, దాని అర్థం, అంతే, కథలొద్దు. కోచింగ్ సెంటర్ పెట్టిన పెద్దమనిషి కనిపెట్టిన పద్ధతి ఇది. వెనక బెంచీలో కూర్చుని ఆ గంటా తనే కొడతాడు, మహానుభావుడు.

పాఠం చెప్పేది ఆయన మరదలు, భార్యకు స్వయానా చెల్లెలు. మాట పుట్టుక చెప్పకుండా అర్థం ఒక్కటే చెప్పమంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. అమ్మానాన్నలెవరో చెప్పకుండా పెళ్ళికొడుకుని చూపించి, తాళి కట్టించుకోమన్నట్టుంది అంటుంది. ఈ నోటితోనే ఇదివరకు ఉద్యోగాలు పోగొట్టుకుంది. ఇదీ పోతే ఇంకెక్కడా పిలిచేవాళ్ళు లేరు. అందుకే పొద్దున అక్క గడ్డం పట్టుకుని మరీ బతిమాలింది, ఈ ఒక్కసారికి బావ చెప్పినట్టు విని సర్దుకుపొమ్మని. ఈమె సరేనంది కూడా.

ఆ పూట క్లాసు మధ్యలో రీకాల్సిట్రెంట్ అనే మాట వచ్చింది. మొండివాడు అని చెప్పింది. గంట మోగింది. పిల్లలు తలలొంచుకుని రాసుకున్నారు, ఒక్క మొహంలోనూ కళ లేదు. అది చూసేసరికి ఆమెకు కడుపు రగిలిపోయింది. సర్దుకుపోవడం గంగలో కలిసింది.

బోర్డు మీద గుర్రం వెనక కాలు గీసింది. లాటిన్‌లో కాల్క్స్ అంటే మడమ, రీ అంటే వెనక్కి. పొడిచి తోలబోయినవాణ్ణి వెనక్కి ఒక్క తన్ను తన్నే జంతువు దగ్గర పుట్టిన మాట ఇది అని చెప్పింది. మనవాళ్ళు మడమ తిప్పనివాణ్ణి మెచ్చుకున్నారు, లాటిన్‌ వాళ్ళేమో మడమతో తన్నేదాన్ని తిట్టారు, ఆ తిట్టు పెట్టినవాడు తన్ను తిన్నవాడే అయ్యుంటాడు అంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

గంట మళ్ళీ మోగింది. ఆమె ఆగలేదు. ఇంకా గట్టిగా మోగింది. ఆమె తిన్నగా వెనక బెంచీ దగ్గరికి వెళ్ళి, బావ చేతిలోంచి గంట తీసుకుని కిటికీ గూట్లో పెట్టేసింది. భయమూ ఉంది, కోపమూ ఉంది. కోపమే ఓ పాలు ఎక్కువ.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడాయన, అందరూ వినేట్టు.

"రాను బావగారూ. కానీ ఇవాళ్టి క్లాసు ఇంకా అరగంట ఉంది. వినాలనుంటే కూర్చోండి, లేకపోతే వెళ్తూ వెళ్తూ తలుపు వేసి వెళ్ళండి."

ఆయన తలుపు దడాలున వేసి పోయాడు. ఆమె బోర్డు తుడిచి తర్వాతి మాట రాసింది. అర్థం తర్వాత చెప్తానంది, ముందు దాని పుట్టిల్లెక్కడో చెప్పడం మొదలుపెట్టింది.