పెట్టెలో పట్టని మాట

తిరుపతిరావు ఏడో తరగతిలో బడి మానేశాడు. ఆ తరవాత ఇరవై ఏడేళ్ళు గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేర్చాడు. కంప్యూటర్లొచ్చి ఆ ప్రెస్సును మూయించాక, నలభై దాటిన వయసులో ఆ కంప్యూటరు మీదే తెలుగు టైపు నేర్చుకున్నాడు. తన కూడు లాక్కున్నదాని ముందే రోజూ కూర్చోవాలి కదా అన్న కడుపుమంట మాత్రం చల్లారలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద రాఘవ నడిపే సాఫ్ట్‌వేరు ఆఫీసులో అతనిది మూల కుర్చీ.

తొంభై తొమ్మిదిలో ఉయ్యూరు పక్కన చెరుకు రైతుల సంఘం నుంచి ఒక పని వచ్చింది. ఏ రైతు చెరుకు ఏ రోజు కొట్టాలో తెర మీద చూపించాలి. అంతా తెలుగులోనే ఉండాలి.

“వాళ్ళు సరేనంటే మీ కుర్చీ మీదేనండీ,” అన్నాడు రాఘవ. “కాదంటే నేను చేయగలిగిందేం లేదు. టైపుదేముంది, శాంభవి కూడా కొట్టేస్తుంది.”

శాంభవి ప్రోగ్రాం రాసే అమ్మాయి. ఎమ్సీఏ చదివింది. తిరుపతిరావు కొట్టిన వాక్యాలను తెర మీది పెట్టెల్లో కూర్చడం ఆమె పని.

“ర్యాప్ పెట్టానండీ మాస్టారూ. పెట్టె నిండగానే లైను దానంతటదే కిందికి దిగుతుంది.”

దిగింది. దిగిన తీరు చూసి తిరుపతిరావుకు ఒళ్ళు మండింది. అప్పట్లో కంప్యూటర్లో కూడా అక్షరం ఒక ముక్క, దాని వత్తు ఇంకో ముక్క, అచ్చం సీసపు అక్షరాల్లాగే. పొడుగు మాట పెట్టెలో పట్టకపోతే ఎక్కడ నిండితే అక్కడ తెగ్గొట్టేసేది. అక్షరం పై లైను చివర ఉంటే, దాని వత్తు కింది లైను మొదట్లో దిక్కులేనిదానిలా నిలబడేది. ప్రెస్సులో ఇలా పేరిస్తే ఫోర్‌మన్ హనుమయ్య వేళ్ళ మీద కొట్టేవాడు.

తిరుపతిరావు వారం రోజులు కూర్చుని, తెర మీద రైతులకు చూపే నలభై సూచనల్లోనూ ప్రతి లైనూ తన చేత్తో విరిచాడు. ఎక్కడ మాట విరిగితే కంటికి నొప్పి ఉండదో అక్కడ ఎంటర్ కొట్టాడు. అచ్చు పుస్తకంలో పేజీలా వచ్చింది.

“అలా విరిచేయకండి మాస్టారూ, తెర మారితే తేడా వస్తుంది.”

“నువ్వు పలక పట్టకముందు నుంచి విరుస్తున్నానమ్మాయ్.”

“కాగితం సైజు మారదండీ. తెర మారుతుంది.”

“వెళ్ళి నీ ఇంగ్లీషేదో నువ్వు చూసుకో.”

ఉయ్యూరు వెళ్ళిన రోజున తెలిసింది. సంఘంలో హెడ్ గుమాస్తా బసవపున్నయ్యకు కొత్తగా కంటి ఆపరేషన్ అయింది. ఆయన కోసం ఆ కంప్యూటర్లో అక్షరాలన్నీ పెద్దవి చేసి పెట్టారు. ప్రోగ్రాం తెరవగానే తిరుపతిరావు విరిచిన ప్రతి లైనూ పెట్టెలో పట్టక ఇంకోసారి విరిగింది. ఒక లైను బారెడు, ఒక లైను బెత్తెడు. చెరుకు కొట్టాల్సిన తేదీ పెట్టె దాటి అడుగుకు జారిపోయి కనపడలేదు.

“ఏవిటయ్యా ఈ మెట్లు?” అన్నాడు బసవపున్నయ్య. “ఎక్కమంటారా, దిగమంటారా? తేదీ ఏదీ? తేదీ లేకపోతే రైతు కత్తి పుచ్చుకుని చేలోకి వెళ్ళడు, నా మీదకొస్తాడు.”

చుట్టూ ఉన్న గుమాస్తాలు ఫక్కున నవ్వారు. రాఘవ మొహం మాడిపోయింది. శాంభవి వైపు తిరిగాడు.

“ర్యాప్ సరిచూసుకోమని ఎన్నిసార్లు చెప్పాను? నాలుగు మాటలు పెట్టెలో పట్టించలేవా? ఏం చదివావమ్మా నువ్వు?”

శాంభవి మీటల వైపు చూస్తూ కూర్చుంది. నోరు విప్పలేదు.

తిరుపతిరావు కూడా విప్పకుండా ఉంటే కుర్చీ మిగిలేదేమో. కానీ హనుమయ్య ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. ప్రూఫు కాగితం అడుగున పేర్చినవాడు తన పేరులో మొదటి అక్షరం వేయాలి. ఒకడి తప్పు ఇంకొకడి మీదకు పోయే వీల్లేదు. ఇన్నేళ్ళూ అలా అక్షరం వేసి వేసి చెయ్యి అలవాటుపడిపోయింది. చెయ్యెత్తాడు.

“ఆ అమ్మాయిది కాదు. విరిచింది నేను. వద్దన్నా వినలేదు.”

“ఎవరు విరిస్తే నాకేం,” అన్నాడు బసవపున్నయ్య. “టీ వేళకి తేదీ కనపడాలి. లేదా మూటాముల్లె సర్దుకోండి.”

శాంభవి కుర్చీ ముందుకు జరుపుకుంది. “మాస్టారూ, లైను మొదట ఏ ముక్కలు రాకూడదో చెప్పండి. మీరు కొట్టిన ఎంటర్లు తీసేసి, వెడల్పు కొలిచి, వాటి దగ్గర తెగకుండా రాస్తాను. అప్పుడు అక్షరం ఎంత పెద్దదైనా ఫరవాలేదు.”

ఏ ముక్కకు ఏ నంబరో తిరుపతిరావుకు కంఠతా వచ్చు. చెప్పడం మొదలుపెట్టగానే తెలిసింది, చేతిలో ఉన్న ఆ ఒక్కటీ కూడా మిషన్‌కి పోసేస్తున్నానని. కావత్తు, గావత్తు, చావత్తు చెప్పుకుంటూ పోయాడు. లావత్తు చెప్పాడు. ళావత్తు మింగేశాడు. నలభై సూచనల్లో ఎక్కడా ఆ వత్తు లేదని, అన్నీ కొట్టినవాడు కాబట్టి, అతనికి తెలుసు.

“అంతేనాండీ?”

“అంతే.”

టీ వేళకి లైన్లు కుదురుగా నిలబడ్డాయి. బసవపున్నయ్య కళ్ళజోడు పైకి తోసి, కిందికి లాగి, నలభై పెట్టెలూ చూసి సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో రాఘవ కిటికీ వైపు చూస్తూ అన్నాడు: “ఇక విరిచే పని మిషనే చేసుకుంటుంది కదండీ. ఈ నెలాఖరు దాకా ఉండండి.”

తిరుపతిరావు అనుకున్నదే.

ఇరవై ఎనిమిదో తారీకున ఉయ్యూరు నుంచి ఫోనొచ్చింది. సంఘం వాళ్ళు అడిగితే ఎడ్లబళ్ళ వరుస గురించి ఒక సూచన కొత్తగా చేర్చి ఆఫీసు నుంచి అంతకు ముందే పంపి ఉన్నారు. బసవపున్నయ్య గొంతు గదంతా వినపడింది.

“మా బళ్ళకి చక్రాలూడి కిందపడ్డాయయ్యా! ఆ అక్షరాలాయన చేత సరిచేయించండి. లేకపోతే రెండో ఏడాది మీకు పనిచ్చేది లేదు.”

రాఘవ మూల కుర్చీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. “మీరు లేకపోతే కుదిరేట్టు లేదండీ. ఉండిపోండి.”

తిరుపతిరావు తల మాత్రం ఊపాడు. బళ్ళకి ఊడిన చక్రం తను మింగిన ళావత్తే. లోపల చాన్నాళ్ళ తరవాత ఒక గెలుపు. తీరిగ్గా లేచి శాంభవి దగ్గరకెళ్ళి, “ఇంకో ముక్క గుర్తొచ్చింది, రాసుకో,” అన్నాడు.

“నూట తొంభై ఆరు. తెలుసండీ,” అంది శాంభవి మెల్లిగా. “లావత్తు పక్కన ళావత్తు లేదని ఆ రోజే చూశాను. ఆమాత్రం ఓనమాలు నాకూ వచ్చు.”

“మరి అడగలేదేం?”

“మీరెందుకు చెయ్యెత్తారు?”

తిరుపతిరావుకు మొహంలోకి వేడి వచ్చింది. వీళ్ళని మోసం చేశానని నెలంతా లోపల మురిసిపోయాడు. తీరా చూస్తే ఆ మోసం కూడా ఈ పిల్ల వేసిన ముష్టే. చెడ్డ కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునేలోపు రాఘవ తలుపు దగ్గర నుంచి కేకేశాడు.

“దొరికిందాండీ?”

“దొరికింది,” అన్నాడు తిరుపతిరావు, వచ్చి తన కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “ఇంకా ఉండొచ్చు. చూడాలి.”

శాంభవి తెర మీంచి చూపు తిప్పలేదు.