పేరు లేని ఫ్యూజు

భర్త క్లెమ్ పోయి రెండేళ్ళయింది. ఒపల్ రత్నాల గనుల పక్కన, గుట్టను తొలిచి కట్టుకున్న ఇంట్లో మెర్ల్ హాకింగ్ ఒక్కతే ఉంటోంది. ఒక్కోసారి వారం గడిచినా ఎవరితోనూ ఒక్క మాట ఉండదు. దుకాణానికి వెళ్తే గొంతు పెగలడానికి ముందు రెండుసార్లు దగ్గాల్సి వచ్చేది.

ఆ వేసవిలో, ఎండతో నిండి ఇంటికంతా కరెంటిచ్చే బ్యాటరీ తెల్లవారేసరికి నీరసపడిపోవడం మొదలైంది. ఫ్రిజ్ ఆగిపోయేది, పాలు విరిగిపోయేవి.

"ముసలి బ్యాటరీ, పారేసి కొత్తది తెచ్చుకో," అంది దుకాణం నడిపే డాట్.

"ముసలిదని పారేస్తే, ముందు నన్ను పారెయ్యాలి," అంది మెర్ల్.

కరెంటు ఎటు పోతోందో చూద్దామని అంకెలు చూపే చవక మీటర్లు రెండు పోస్టులో తెప్పించింది. మొదటిదానికి ఇంటి బ్యాటరీ నుంచే కరెంటిచ్చింది. అంకెలు పిచ్చిగా గెంతి, చప్పున ఆరిపోయాయి. అప్పుడు కాగితం తీసి చదివింది. కొలిచే బ్యాటరీతోనే మీటరును నడపకూడదట. రెండోదానికి విడిగా ఓ చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టింది. ఆ మీటరుకు వోల్టులే తెలుసు, ఆంపియర్లు తెలియవు. అందుకని క్లెమ్ పెట్టెలో దొరికిన షంట్‌ను, అంటే కరెంటు తన గుండా పోతున్నప్పుడు రవ్వంత వోల్టేజీ చూపే లోహపు ముక్కను, బ్యాటరీకీ ఇంటి తీగలన్నీ కలిసే కడ్డీకీ మధ్య బిగించింది. మీటరు వెనక టంకం చుక్క ఒకటి కరిగించి పక్క చోటికి మారిస్తే దశాంశ బిందువు ఓ గడి జరిగింది. కడ్డీని కాసేపు ఊడదీసి, పన్నెండు వోల్టుల ఆ బ్యాటరీకి షంట్ గుండా ఇరవైనాలుగు వాట్ల బల్బొక్కటే తగిలించి, రెండు ఆంపియర్లు చూపేదాకా చిన్న స్క్రూ తిప్పింది. పని పూర్తయ్యాక "చూశావా?" అని పైకే అనేసింది. వినేవాళ్ళు లేరు.

సౌర పలకల తీగ ఊడదీసి, ఇంట్లో అన్నీ ఆపింది. సున్నా రావాలి. 0.80 వచ్చింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకింది. వంటగది, పంపు, రేడియో... అన్నిటి కిందా క్లెమ్ చేతిరాత ఉంది. చివరిదాని కింద మాత్రం ఏ పేరూ లేదు. అది పీకగానే అంకె సున్నాకు పడింది. దాని తీగ గోడలోంచి బయటికి పోయి, మట్టికుప్పల కింద నుంచి పాకుతూ పక్కింటి జ్వోంకో గుమ్మంలో తేలింది.

తమ గని హద్దురాయి దాటి తవ్వాడని తొమ్మిదేళ్ళ కింద మెర్ల్ అతణ్ణి దుకాణంలో అందరి ముందూ కడిగేసింది. అప్పటి నుంచీ మాటల్లేవు. ఇప్పుడు తలుపు దబదబా బాదింది.

"ఫ్యాను ఆగినప్పుడే అనుకున్నాను నువ్వొస్తావని," అన్నాడు జ్వోంకో తలుపు తీసి.

"సిగ్గులేదూ? ఎన్నాళ్ళ నుంచి నా కరెంటు తాగుతున్నావు?"

"నాలుగేళ్ళు. రాత్రంతా ఫ్యాను వేస్తున్నది మాత్రం ఈ వేసవిలోనే. తీగ వేసింది నేను కాదు, క్లెమ్."

"అబద్ధం! నీ మొహం చూడనన్న మనిషి నీకు తీగ వేస్తాడా?"

"ఆ మాటన్నది నువ్వు మెర్ల్. వాడెప్పుడన్నాడు?"

జ్వోంకో అంతా చెప్పాడు. అతని జనరేటరు చెడిపోయిన వారమే క్లెమ్ వచ్చాడట. ఆ తర్వాత చనిపోయేదాకా ప్రతి మంగళవారం ఇక్కడే కూర్చుని పేకాడాడట.

"క్లెమ్ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీగతోబాటు మా స్నేహాన్నీ తెంపేస్తావని. వాడు పోయాక నేనే వచ్చి చెప్పాల్సింది. మొహం చెల్లలేదు."

మంగళవారాల్లో క్లెమ్ ఈల వేసుకుంటూ ఇంటికి రావడం ఆమెకు గుర్తుంది. బీరు మహిమ అనుకునేది. లోపల బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద మాసిన దిండుంది. ఎవరిదని ఆమె అడగలేదు. ఇంటికి వచ్చి ఫ్యూజు తిరిగి పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఇంట్లో అన్నీ ఆపి చూస్తే మీటరు సున్నా చూపించింది. తలుపు తీస్తే, చక్కగా చుట్టిన తీగ గుమ్మంలో ఉంది. దాని మీద కాల్చిన ఎర్రమిరప పచ్చడి సీసా.

ఇక బ్యాటరీ నిండుగా ఉండసాగింది. పాలు విరగలేదు. మెర్ల్ నాలుగు రోజులు ఆ సున్నా ముందు కూర్చుని టీ తాగింది. తొమ్మిదేళ్ళుగా తన కోపానికి భయపడి, పక్కనే ఉన్న మనిషి నోరెత్తకుండా బతికాడు. ఉన్న ఒక్క స్నేహాన్నీ తన మొగుడు దొంగతనంగా చేసుకున్నాడు. ఐదో రోజు తీగ భుజాన వేసుకుని జ్వోంకో ఇంటికి వెళ్ళింది.

"ఎర్రది ఎటు?" అంది గుమ్మంలోంచే.

"క్లెమ్ అయితే అడక్కుండానే పెట్టేవాడు."

"నోర్మూసుకుని టార్చి పట్టుకో."

ఫ్యాను తిరిగింది. జ్వోంకో పేక తీశాడు.

"నాకు రాదు," అంది మెర్ల్.

"వాడికీ రాదు. రాకుండానే రెండేళ్ళు ఆడాడు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. దిండున్న కుర్చీ జరిపాడు జ్వోంకో. మెర్ల్ దాన్ని తాకలేదు. మూలనున్న చెక్కపెట్టె లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత చాలా మంగళవారాలు ఆ పెట్టె మీదే కూర్చుని ఆడింది.