నూటికి నూట పన్నెండు

గోదాములోకి వంద బస్తాలు వచ్చాయంటే, అమ్ముడైనవీ మిగిలినవీ ఎలుకలు కొట్టేసినవీ కలిపి వందే తేలాలి. తొంభై తేలితే ఎవరో ఎత్తుకుపోయారు. నూట పన్నెండు తేలితే అది ఇంకా పెద్ద ప్రమాదం. మనకు తెలియకుండా ఎవరో లోపల పెడుతున్నారు. ఈమాత్రం ఏ కొట్టు గుమాస్తాకైనా తెలుసు. ప్రొఫెసరమ్మకు తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఆవిడ సరుకు కార్బన్. లీటరు పట్టే గాజుతొట్టెలో చక్కెర నీళ్లు పోసి సూక్ష్మజీవులను పెంచడం, అవి తిన్న కార్బన్ ఎటు పోయిందో చిల్లరతో సహా తేల్చడం ఆవిడ పని. ఒంటికి పట్టింది ఎంత, ఆమ్లాలైంది ఎంత, గాలిగా వదిలింది ఎంత. ఒక్కో రసాయన చర్యకు ఒక్కో సమీకరణం చొప్పున పదమూడు వందల సమీకరణాలు రాసి, కంటికి కనిపించని ఆ జీవి కడుపును కంప్యూటర్లో కట్టి నిలబెట్టింది.

తొమ్మిదేళ్ల క్రితం దొరికిన ఒక జీవి వంద పాళ్లు తిని నూట పన్నెండు ఇచ్చింది. మొదట తనే నమ్మలేదు. తక్కెడ మార్చింది, మీటర్లు మార్చింది, విద్యార్థులను కూడా మార్చింది. నూట పన్నెండు మారలేదు. గుర్తు వేసిన కార్బన్ డయాక్సైడ్ ఊది చూస్తే, కాస్త జీవి ఒంట్లోకి చేరినట్టు కనబడింది. కాస్త చేరడం చాలా జీవుల్లో ఉన్నదే. కానీ పెళ్లి కుదుర్చుకోవాలనుకున్నవాడికి అన్ని జాతకాలూ కలిసినట్టే, ఆవిడకు ఆ కాస్తే సాక్ష్యమైంది. ‘ఈ జీవి చక్కెరతోపాటు గాలినీ తింటోంది’ అని రాసింది. లోకం చప్పట్లు కొట్టింది. పెద్దాయన అని అందరూ పిలిచే ఒక మహాశాస్త్రవేత్త దానిమీద సిద్ధాంతమే కట్టాడు.

చప్పట్లు కొట్టనిది ఒక్క మొగుడే. ఆయనది ఇనుప సామాను కొట్టు.

“తిన్నదానికన్నా ఎక్కువ ఇచ్చే జీవి ఉంటే నాకో నాలుగు తెచ్చిపెట్టు. గుమాస్తాలను మానిపిస్తాను,” అనేవాడు.

“మీకు మేకుల లెక్క తప్ప ఇంకోటి ఎక్కదు.”

“మేకైనా ఆకాశం నుంచి ఊడిపడదే! ఎవరో పెడుతున్నారు, చూసుకో.”

ఆవిడ నవ్వి ఊరుకునేది. చదువుకున్నవాళ్లు నవ్వే నవ్వు.

ఈలోగా ఆ జీవి పేరనే ఒక పరిశోధనా కేంద్రం పెడతామని పైవాళ్లు అన్నారు. దానికి అధిపతి ప్రొఫెసరమ్మే. సోమవారం కమిటీ వచ్చి చూసి సంతకం పెట్టడమే మిగిలింది. రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. ఈ కుర్చీ వస్తే ఇంకో పదేళ్లు పని చేసుకోవచ్చు. రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

కమిటీకి చూపించడానికి కొత్త తొట్టె తెప్పించారు. నురుగు పొంగితే దాన్ని విరగ్గొట్టే రెక్క అందులోనే తిరుగుతుంది. విద్యార్థులు జీవిని వేసి నడిపారు. తొంభై తొమ్మిదిన్నర వచ్చింది. మళ్లీ నడిపారు. మళ్లీ అంతే.

“మేడమ్, జీవికి ఒంట్లో బాగోలేదేమో,” అంది ఒకమ్మాయి.

మోకాలి నొప్పని సెలవులో ఉన్న ల్యాబ్ అటెండరును పిలిపించారు. ఇరవై ఏళ్లుగా నురుగు పొంగకుండా తొట్టెలు కాస్తున్నవాడు కనుక ఆయన్ని అందరూ నురుగు మాస్టారు అంటారు. ఆయన వచ్చి పాత తొట్టె నడిపాడు. నూట పన్నెండు!

“మాస్టారి చేతి చలవ!” అని పిల్లలు గంతులేశారు.

ప్రొఫెసరమ్మ గంతులేయలేదు. చేతి చలవకు తన పదమూడు వందల సమీకరణాల్లో చోటు లేదు. శుక్రవారం పొద్దున్నే పాత తొట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

“మాస్టారూ, నేను లేననుకుని మీ పని మీరు చేసుకోండి.”

“మీరంత కళ్లు పెట్టుకు చూస్తుంటే లేరనుకోవడం ఎలా మేడమ్?”

పదిన్నరకు నురుగు పైకెక్కింది. మాస్టారు అరలోంచి సీసా తీసి రెండు చుక్కలు వేశాడు. నురుగు చతికిలబడింది. పావుగంటకు మళ్లీ లేచింది, మళ్లీ చుక్కలు.

“ఏంటది?”

“నురుగు విరిచే నూనె మేడమ్. రోజూ వేసేదే.”

“రోజుకి ఎన్ని చుక్కలు?”

“లెక్కేముంది? పొంగితే వేస్తాను. మిగతా జీవులైతే నాలుగు చుక్కలకే బుద్ధి తెచ్చుకుంటాయి. ఇది మొండి ఘటం.”

“పుస్తకంలో రాయరా?”

“రాయమని లేదుగా! మీరే రాసిచ్చారు, ‘నూనె: తగినంత’ అని.”

చక్కెరను గ్రాములో వెయ్యో వంతు దాకా తూచిన మనిషి తొమ్మిదేళ్లుగా నూనెను ‘తగినంత’కు వదిలేసింది. అడగకుండానే ఆవిడ సీసా తీసుకుని తూచింది. సాయంత్రం తొట్టె ఆపాక మళ్లీ తూచింది. పొద్దున వేసిన నాలుగూ కలిపితే ఇరవై ఎనిమిది చుక్కలు తగ్గాయి. అందులో ఉన్న కార్బన్ సరిగ్గా పన్నెండు పాళ్లు. రెక్క ఉన్న కొత్త తొట్టెలో ఈ నూనె పడనే లేదు. జీవి గాలి తినలేదు. నూనె తాగింది.

మాస్టారి మొహం పాలిపోయింది. “నావల్లేనా మేడమ్?”

“మీరు తగినంతే వేశారు మాస్టారూ. తప్పంతా నాది.”

శనివారం పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన చివరిదాకా విని, “నూనె సంగతి నేను వినలేదనుకుంటాను,” అన్నాడు.

“విన్నారు కదండీ.”

“చూడమ్మా, నువ్వొక్కదానివీ దూకాలంటే దూకు. ఈ పడవలో నా శిష్యులు పదకొండుమంది ఉన్నారు. కేంద్రం రానీ. ఓ రెండేళ్లయ్యాక, ‘కొత్త కోణంలో చూస్తే’ అని నిదానంగా రాసుకోవచ్చు.”

అబద్ధాన్ని ఒక్కరు పుట్టించినా వాటాదారులు త్వరగానే పోగవుతారు. ఆదివారమంతా ఆవిడ ఆ రెండేళ్ల సంగతే ఆలోచించింది. రెండేళ్లపాటు కొత్త భవనంలో కూర్చుని, లేని పన్నెండు పాళ్ల కోసం పిల్లల చేత పరిశోధనలు చేయించాలి. డాక్టరేటు అంటే ఒక్కొక్కరికి అయిదేళ్ల వయసు ఖర్చు. బేరం ఎటు తిప్పి చూసినా గిట్టలేదు.

సోమవారం కమిటీ అయిదుగురి ముందు రెండు తొట్టెలూ పెట్టింది. ఒకటి నూనెతో, ఒకటి నూనె లేకుండా. “తొమ్మిదేళ్లుగా నేను చెప్పింది తప్పు,” అంది. కమిటీలో ఒకడైన పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఒక సభ్యుడు రాసుకుంటూనే అడిగాడు. “ఆ నూనె ఏ రకం?”

చెప్పింది. అందరూ వాడేదే. రాస్తున్న కలాలు ఆగాయి. ఇంకో సభ్యురాలు గడగడా మంచినీళ్లు తాగింది.

“భోజనానికి లేద్దామా?” అన్నాడు పెద్దాయన.

నెలకు ఉత్తరం వచ్చింది. ‘పరిశోధనలో ప్రాథమికమైన జాగ్రత్త లోపించినందున’ పేరు మార్చి కేంద్రాన్ని ఇంకెవరికో ఇచ్చారు. మొగుడు కొట్లోనే దాన్ని రెండుసార్లు చదివాడు.

“కుర్చీ పోయిందా?”

“పోయింది.”

“లెక్క కుదిరిందా?”

“నూటికి తొంభై తొమ్మిదిన్నర.”

“ఆ అర?”

“తూకంలో తేడా.”

“మా కొట్లో అయితే ఒకటిన్నర. పర్లేదు, నువ్వే నయం.” ఇన్నేళ్లలో ఆవిడ పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

ఉత్తరం వచ్చిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది పెద్దాయన ప్రయోగశాల నుంచి. తర్వాత మంచినీళ్లు తాగిన సభ్యురాలు. గొంతు తగ్గించి అందరూ అడిగేది ఒకటే: నురుగు మాస్టారిని ఒక్క వారం పంపగలరా, తొట్టెల దగ్గర కూర్చుని చుక్కలు లెక్కపెట్టడానికి? సంగతి బయటికి పొక్కకూడదు సుమా.

“వెళ్లమంటారా మేడమ్?” అన్నాడు మాస్టారు మోకాలు రుద్దుకుంటూ. “కారు పంపుతారేమో కనుక్కోండి.”

“పంపుతారు లెండి. మీరు నడిచి వస్తానన్నా ఊరుకోరు,” అంది ప్రొఫెసరమ్మ. “ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లండి. సీసా తూచాక ఆయన మొహం ఎలా ఉందో మాత్రం జాగ్రత్తగా చూసి రండి.”