లైట్లేం రావట్లేదు కదా

బజారులోని బండ్లన్నిటికీ వైరింగు చేసేవాడి సొంత కారులో ఎర్రలైటు వెలుగుతూ కూర్చుంటే నామోషీ కాదూ? పైగా అది ఎయిర్‌బ్యాగ్ లైటు. తాళం తిప్పగానే వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. ఇది ఆరనంటే ఆరనని మొండికేసింది. ఆ కారు నడిపేది ఆయన భార్య. పొద్దున్నే పాపను బడిలో దింపి, తను పనిచేసే మందుల షాపుకు వెళ్తుంది.

"ఊళ్ళో వాళ్ళ లైట్లన్నీ ఆర్పుతారు. మనది మాత్రం దీపంలా వెలిగించి ఉంచుతారు" అని దెప్పిపొడిచింది ఆవిడ.

బజారులో ఆయన్ని అందరూ వైరు అంటారు. కార్లకు సొట్టలు తీసే ఆయన అన్నయ్యను సుత్తి అంటారు. చేతిలోని పనిముట్టును బట్టి వచ్చిన పేరో, నోటిని బట్టి వచ్చిన పేరో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. వైరుకు పని నేర్పింది ఆ అన్నయ్యే. అన్నదమ్ములిద్దరూ కార్లు కొన్నప్పుడు కూడా అన్నయ్య మాటే చెల్లింది. "ఒకే మోడలు తీసుకుందాంరా. నీ బండి సామాను నాకూ, నా బండి సామాను నీకూ పనికొస్తుంది" అన్నాడు. తమ్ముడు కడుపుబ్బ నవ్వాడు. అన్న తెల్లది తీసుకున్నాడు, తమ్ముడు బూడిదరంగుది.

సెలవు రోజు పొద్దున వైరు చొక్కా చేతులు పైకి మడిచి కారు ముందు కూర్చున్నాడు. స్కానరు పెడితే, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగుల తీగ ఎక్కడో తెగిందని చూపించింది. సాధారణంగా సీటు ముందుకూ వెనక్కీ జరిపినప్పుడు కింద ఉండే పసుపు కనెక్టరు వదులవుతుంది కాబట్టి ముందు అదే చూశాడు. బిగుతుగానే ఉంది. స్టీరింగుతో పాటు తిరిగే వైర్ల చుట్ట తెగితే హారను కూడా పోవాలి. హారను శుభ్రంగా మోగింది. ఇక మిగిలింది బ్యాగే. అది తేలిగ్గా ముట్టుకునే వస్తువు కాదు, పొరపాటున పేలితే మొహం పచ్చడవుతుంది. బ్యాటరీ తీగ ఊడదీసి, కరెంటు పూర్తిగా దిగేదాకా ఆగి, అప్పుడు స్టీరింగు వెనక క్లిప్పులు నొక్కాడు.

మూత చేతిలోకి వచ్చింది. బరువుగా దిగాల్సింది డబ్బా మూతలా తేలిగ్గా ఊడొచ్చింది. లోపల బ్యాగు లేదు. బ్యాగు ఉండాల్సిన చోట ఖాళీ. కనెక్టరు కొసన, బ్యాగు ఉందని కంప్యూటరును నమ్మించడానికి పెట్టిన చిన్న రెసిస్టరు ముక్క. గతుకుల్లో దాని కాలు విరిగింది, అందుకే లైటు వెలిగింది.

ఇన్నాళ్ళూ భార్య ఆ ఖాళీ మూత ముందు కూర్చునే పాపను తీసుకెళ్ళింది.

ఏ దరిద్రుడు చేశాడీ పని అని పళ్ళు నూరుతూ ఆ ముక్కకు చుట్టిన నల్ల టేపు పట్టుకున్నాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది. టేపు చివర చిన్నగా మడిచి, తోకలా వదిలి ఉంది.

"చివర మడిచి తోక వదలాలిరా. రేపు విప్పేవాడు కూడా మనలాంటి పనివాడే, వాడి గోళ్ళు ఊడకూడదు కదా." పని నేర్పిన మొదటి రోజుల్లో అన్నయ్య చెప్పిన మాట అది. బజారు మొత్తంలో అలా మడిచేవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు ఇప్పుడు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వానల్లో అన్నయ్య తెల్లకారు డివైడరుకు గుద్దుకుంది. బ్యాగు విచ్చుకుని ప్రాణం కాపాడిందని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఒకసారి విచ్చుకున్న బ్యాగు ఇక పనికిరాదు, కొత్తది పెట్టాల్సిందే. ఆ రోజుల్లోనే బూడిదరంగు కారు తలుపు గేటుకు గీసుకుంటే అన్నయ్య షెడ్డులోనే వదిలారు. తళతళలాడించి పంపాడు. ఆ తర్వాత భోజనానికి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "బండెలా ఉంది? లైట్లేం రావట్లేదు కదా?"

"చూశావా, అన్నయ్యకు మన మీద ఎంత ధ్యాసో" అని వైరు భార్యతో మురిసిపోయేవాడు. కళ్ళు మూసుకుని నమ్మాడు వెర్రివెంగళప్ప.

రెసిస్టరు ముక్క జేబులో వేసుకుని అన్నయ్య షెడ్డుకు నడిచాడు. అన్నయ్య ఓ తలుపుకు పుట్టీ రుద్దుతున్నాడు. తమ్ముడు ఆ ముక్కను ఆయన ముందు బల్ల మీద పెట్టాడు. అన్నయ్య దాన్ని చూసి, తమ్ముణ్ణి చూసి, పుట్టీ రుద్దే కాగితం పక్కన పెట్టాడు.

"కొత్తది దొరగ్గానే పెడదామనుకున్నారా. దొరకలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

"నా భార్యాపిల్లల్ని అందులో కూర్చోబెట్టావు అన్నయ్యా."

"ఊళ్ళోనే కదరా తిప్పేది. నేనైతే పెద్ద రోడ్ల మీద తిరిగేవాణ్ణి." చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "సరే, నీది నీకు ఇప్పుడే విప్పి ఇచ్చేస్తాను. ఇంట్లోవాళ్ళకు మాత్రం చెప్పకు."

అంతలో వదిన తాళంచెవి తిప్పుకుంటూ వచ్చింది. వెనకాలే పిల్లలిద్దరూ. "ఏంటయ్యా మరిదీ, కాఫీ అయినా తాగకుండా నిలబడ్డావు? వీళ్ళను ఈతకు దింపి వచ్చేస్తా, ఉండు" అంటూ తెల్లకారు తలుపు తీసింది.

అన్నయ్య తమ్ముడి వైపు చూశాడు. విప్పమంటాడా, వద్దంటాడా అని. వైరుకు ఒళ్ళు మండిపోతోంది. ఆ స్టీరింగులో ఉన్నది తనదే. కానీ దాని ముందు కూర్చున్నది వదిన.

"వెళ్ళిరా వదినా. నెమ్మదిగా నడుపు" అన్నాడు.

కారు వెళ్ళిపోయాక అన్నయ్య ఊపిరి పీల్చుకుని, "పోనీలేరా, కొత్తది వచ్చేదాకా ఇంకో ముక్క పెట్టు. లైటు ఆరిపోతుంది" అన్నాడు.

వైరు ఆ ముక్కను మళ్ళీ జేబులో వేసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి కారు తాళంచెవిని పై అరలో పెట్టాడు. భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడే బావగారు ఫోన్ చేశారు. లైటు ఆరిందా అని అడిగారు. నిజమేనండీ మీరనేది, ఆయనకు మన మీద ఎంత ధ్యాసో."

వైరు జేబులోంచి ఆ ముక్క తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"కూర్చో. చెప్తాను" అన్నాడు.